డిస్కు మీద మచ్చ

సిద్ధార్థ స్పేరు పార్టుల అంగడి మెట్లెక్కేటప్పటికే ఫోనులో బొమ్మ తెరిచి పట్టుకుని ఉన్నాడు. కౌంటరు మీద పెట్టి, రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేశాడు. నిండా తూట్లు పొడిచిన బ్రేకు డిస్కు.

"ఇవే కావాల మేడం, నాలుగు చక్రాలకీ. ప్యాడ్లు మాత్రం నిజం రేసుల్లో వాడేవి తెప్పియ్యండి. వచ్చే ఆదివారం చెన్నై పక్క ట్రాకులో దిగతాండా."

కౌంటరు వెనకున్న జయశీల బొమ్మ వైపు ఒకసారి, అంగడి ముందర ఆపిన నీలం రంగు కారు వైపు ఒకసారి చూసింది. రెండే సీట్లున్న కారు. మదనపల్లె బెంగుళూరు రోడ్డులో టమాటా లారీల మధ్య అది పొరపాటున దారి తప్పి వచ్చినట్టు ఉంది.

"ట్రాకుకి కారు ఎట్ల పోతాది సార్? లారీ మీద ఎక్కించుకోని పోతారా?"

"లారీ యాల? కుప్పం నుంచి నేనే తోలుకోని పోతా."

"అయితే రేసు ప్యాడ్లు వద్దు. అవి బాగా కాగితేనే పట్టేది. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరతారు, సంత కాడ మేక అడ్డమొస్తాది. మీ ప్యాడ్లు కాగేదాకా ఆ మేక కాసుకోని ఉండదు కదా."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని తిమ్మప్ప నవ్వాడు. సిద్ధార్థకు నవ్వు రాలేదు గానీ, ఫోను మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

జయశీల రాకులోంచి రెండు పాత ప్యాడ్లు తీసి అతని ముందు పెట్టింది. రోడ్డుకూ ట్రాకుకూ మధ్యరకం ఒకటుందని, అది చల్లగా ఉన్నప్పుడూ పట్టు ఇస్తుందని, వేడికి తొందరగా లొంగదని చెప్పింది. ప్యాడ్లకు ఖర్చు పెట్టినవాళ్ళు పాత బ్రేకు ఆయిలు మార్చడం మరిచిపోతారని, అది తేమ పీల్చుకుని ఉంటే కాగినప్పుడు బుడగలొచ్చి పెడలు మెత్తగా కిందికి దిగిపోతుందని చెప్పింది.

"డిస్కులు తూట్లవే కావాల. నా ఫ్రెండ్సంతా అవే ఏసుకుండారు."

"సూసేదానికి బాగుంటాయి సార్. కాగి, చల్లారి, కాగి, చల్లారి, ఆ తూటు అంచునే చీలిక పుడతాది. గీతలు కోసినవి తీసుకోండి. ఇనుము ఎంతుంటే అంత వేడి తాగుతాది. తూటులో ఇనుము యాడుంది?"

అతను కాసేపు ఆలోచించాడు. "సరే. మీరు చెప్పిందే వినమన్నాడు నారాయణప్ప."

"పుంగనూరు నారాయణప్పా?"

"మా నాయన క్వారీ లారీలకంతా బ్రేకులు ఆయనే కదా. 'బిగించేది నేను నాయనా, ఏది బిగియ్యాల్నో మాత్రం మదనపల్లెలో జయశీల అనే అమ్మణ్ణి చెప్తాది, ఇంజినీరింగు సదివింది' అన్నాడు."

జయశీల వంగి, అక్కర్లేకపోయినా అడుగు అర సర్దింది. ఈ అంగట్లో చేరి రెండేళ్ళయింది. తన చదువు గురించి ఇంకో ఊళ్ళో ఒకరు ఇంకొకరికి చెప్పుకున్నారని వినడం ఇదే మొదలు.

బెంగుళూరు నుంచి సరుకు గురువారం వచ్చింది. పెట్టెలు తనే తెరిచి, డిస్కుల అంచులు వేలితో తడిమి, మళ్ళీ కట్టి ఇస్తూ సిద్ధార్థకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. "డిస్కూ కొత్తది, ప్యాడూ కొత్తది. రెండిటికీ పొందిక కుదరాల. ఖాళీ రోడ్డులో నూరు మీద పోయి ఇరవైకి తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. పదిసార్లు అట్ల చేసి, తరవాత బ్రేకు ముట్టకుండా పది కిలోమీటర్లు నిదానంగా పోండి. గాలికి చల్లారాల. కాగిన బ్రేకు తొక్కి పట్టుకోని నిలబడకూడదు. సిగ్నలు కాడైనా సరే."

"మాకు సిగ్నళ్ళు యాడుండాయి మేడం," అంటూ అతను తాళం తిప్పుకుంటూ మెట్లు దిగాడు. శుక్రవారం పుంగనూరులో నారాయణప్ప వాటిని బిగించాడు.

సోమవారం అంగడి తెరిచిన గంటకే నీలం కారు మళ్ళీ వచ్చి ఆగింది. ఈసారి సిద్ధార్థ తలుపు గట్టిగా వేశాడు.

"స్టీరింగు చేతుల్లో పలక డప్పు కొట్టినట్ల కొట్టుకునింది. బ్రేకు తొక్కితే చాలు, కారంతా ఒణుకు. రెండో సుట్టుకే బయటికొచ్చేసినా. అందరూ నవ్వినారు. 'లారీ బ్రేకులు ఏసుకోనొచ్చినావా' అని ఒకడు. డిస్కులు వంకర! వంకర సరుకు అమ్మినారు నాకు!"

అంగట్లో నిమ్మనపల్లె నుంచి వచ్చిన ఇద్దరు ట్రాక్టరు వాళ్ళున్నారు. చేతిలోని ఫిల్టర్లు అలాగే పట్టుకుని వాళ్ళు వింటున్నారు. తిమ్మప్ప వాళ్ళను చూశాడు, తర్వాత జయశీలను చూశాడు.

"ఏమ్మా జయా? పార్టుదా, ఫిట్టింగుదా?"

"పార్టు బాగానే ఉండాది సార్," అంది జయశీల. "పెట్టె తెరిచి నేనే చూసినా. ఫిట్టింగులోనే ఏదో జరిగుంటాది. డిస్కు కూర్చునే హబ్బు మీద తుప్పు తుడవకుండా బిగిస్తే డిస్కు ఒక పక్కకి వాలతాది. అప్పుడు ఇట్లనే ఒణుకుతాది."

పుస్తకంలో ఉన్న మాటే. గొంతు కూడా తడబడలేదు. తిమ్మప్ప ఊపిరి వదిలాడు. ట్రాక్టరు వాళ్ళలో ఒకడు తల ఊపుతూ, "లారీలు చూసేవోడికి కారిస్తే అంతే మరి," అన్నాడు.

సిద్ధార్థ మెట్లు దిగుతూనే వాళ్ళ నాయనకు ఫోను చేశాడు. "ఆ ముసలాయన హబ్బు తుడవలేదంట నాయనా. ఇంజినీరమ్మే చెప్పింది. కారుకే ఇట్ల చేస్తే రాళ్ళ లారీలకి ఇంకెట్ల చేస్తాండాడో."

కౌంటరు నుంచి కారు దాకా ఎనిమిది అడుగులు ఉంటాయి. జయశీల ఆ ఎనిమిది అడుగులూ వేయలేదు. కారు వెళ్ళిపోయింది.

ప్రతి మంగళవారం నారాయణప్ప ఫోను చేసి, ఆ వారానికి కావలసిన లారీ బ్రేకు లైనింగులు చెబుతాడు, తిమ్మప్ప వాటిని పుంగనూరు బస్సుకు వేయిస్తాడు. ఆ మంగళవారమూ ఫోను వచ్చింది. తిమ్మప్ప రెండు మాటలు విని పెట్టేశాడు.

"లైనింగులు వద్దంట. కుప్పం క్వారీ లారీలు ఆరూ రావడంలేదంట. ఇంక షెడ్డు కూడా మూసేస్తానంటాండాడు, పాపం."

జయశీల చేతిలో ఉన్న బేరింగు పెట్టెను వేరే అరలో పెట్టి, మళ్ళీ తీసి, సరైన అరలో పెట్టింది. నారాయణప్ప నోటితోనే తన పేరు కుప్పం దాకా పోయింది. తన నోటితో ఆయన పేరు ఏమైందో ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం ఇంట్లో వాళ్ళమ్మ బీనా, మిషన్ ఆసుపత్రి డ్యూటీకి చీర ఇస్త్రీ చేసుకుంటూ ఉంది. విషయమంతా విని, ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"కారు చూసినావా లేదా?"

"లేదుమ్మా."

"అయితే పోయి చూడు. ఆ పెద్దాయనకి చెప్పు. ప్రార్థన తిరిగొచ్చినాక చేసుకుందువు."

బుధవారం పొద్దున జయశీల అద్దాల బీరువాలోంచి డిస్కు వంకర కొలిచే డయల్ గేజి పెట్టె తీసి తిమ్మప్ప ముందు పెట్టింది. ఒకరోజు సెలవూ, ఇదీ కావాలంది.

"పెండ్లయినాక మేళం యాలమ్మా? మన సరుకుని ఎవురూ అనలేదు కదా. వదిలెయ్యి."

"వేరేవాళ్ళని అన్నారు సార్. నేను చెప్పబట్టే అన్నారు."

తిమ్మప్ప గేజి పెట్టె మూత తెరిచి చూసి మూశాడు. "జాగర్తగా తీసుకపో. గాజుది," అన్నాడు.

పుంగనూరు పాత లారీ స్టాండు పక్కన నారాయణప్ప షెడ్డులో లారీ లేదు. ఆయన గోనెపట్టా మీద కూర్చుని లైనింగులకు కొట్టే రివిట్లు సైజుల వారీగా డబ్బాల్లో వేస్తున్నాడు. పని లేనప్పుడు చేసే పని అది. జయశీలను చూడగానే లేచి, స్టూలు మీది గుడ్డ దులిపాడు.

"రా అమ్మణ్ణీ, కూసో. నువ్వే వచ్చినావే! నేనే ఫోను చేసి అడగాలనుకుంటి, సిగ్గయి ఊరకుండినా."

"ఏమని తాతా?"

"తుడిచినట్టే గుర్తు నాకు. ఇనప బ్రష్షుతో ఒకతూరి, గుడ్డతో ఒకతూరి. నాలుగు హబ్బులూ. మరి నువ్వు తుడవలేదంటివంట. సదువుకున్న పాప ఊరికే యాల అంటాది? ఎడమ పక్క ముందరిది తుడిచినానా, లేదా? అదే తలకాయలో తిరగతాండాది. కండ్లు మసకబారినాయేమో. అట్లాంటోడు బ్రేకు ముట్టకూడదు అమ్మణ్ణీ. చొక్కా కుట్టే పనా, తప్పు పోతే విప్పి కుట్టేదానికి?"

ఆయన కోపంగా ఉంటాడని బస్సులో అనుకుంది. తిడితే ఎలా నిలబడాలో కూడా అనుకుంది. తన మాటను ఆయన నమ్మి ఉంటాడని మాత్రం అనుకోలేదు.

"తాతా, నేను కారు చూడలేదు."

"ఆఁ?"

"సోమవారం కారు అంగడి ముందరే నిలబెట్టినారు. నేను కిందికి దిగలేదు. అందరూ చూస్తాండారని, అంగడికి మాటొస్తాదని, నాకు మాటొస్తాదని... చూడకుండానే ఫిట్టింగని చెప్పినా. మీరు తుడిచినారో లేదో నాకేం తెలుసు?"

నారాయణప్ప చేతిలో ఉన్న నాలుగు రివిట్లను ఒక్కొక్కటే డబ్బాలో వేశాడు. నాలుగూ వేసినాక మూత పెట్టాడు. మూత సరిగా పడలేదు. మళ్ళీ తీసి పెట్టాడు.

"అట్లనా," అన్నాడు. తర్వాత గోడకు తగిలించిన చొక్కా అందుకుని, "అయితే పద. కుప్పం పోయి చూసొద్దాం," అన్నాడు.

"వాళ్ళు లోపలికి రానిస్తారా?"

"రానీకపోతే గేటు కాడ్నించే సూసొద్దాం. దొంగతనానికి పోతాండామా?"

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరి బయట రాతి పలకలు నిలబెట్టిన ఆవరణ వెనకే సిద్ధార్థ వాళ్ళ ఇల్లు. రేకుల కింద నీలం కారు ఉంది. నారాయణప్పను చూసి సిద్ధార్థ మొహం ముడుచుకున్నాడు.

"ఇంకేం చేయాలని వచ్చినారు?"

"చేసేదానికి కాదు సార్, చూసేదానికి," అంది జయశీల. "సోమవారం నేను చూడకుండా చెప్పినా. తప్పు నాది. ఒక్క గంట ఇయ్యండి."

ఆ మాట ఎలా తీసుకోవాలో తెలియనట్టు అతను తలగోక్కున్నాడు. జాకీ మాత్రం తెచ్చిచ్చాడు.

చక్రం విప్పి, డిస్కును నట్లతో బిగించి, జయశీల గేజి ముల్లును డిస్కు మీద ఆనించింది. నారాయణప్ప రెండు చేతులతో డిస్కును మెల్లగా తిప్పాడు. ఆయన గేజి వైపు చూడలేదు. ఆమె మొహం వైపే చూస్తున్నాడు.

"మూడు, తాతా. మిల్లీమీటరును నూరు భాగాలు చేస్తే అందులో మూడు. అయిదు దాకా ఉండొచ్చు."

"ఇంకోతూరి సూడమ్మా."

"మూడే."

"నాలుగూ సూడు."

నాలుగూ చూశారు. ఏదీ మూడు దాటలేదు. డిస్కు తీసి హబ్బులు చూస్తే, కడిగిన కంచాల్లాగ ఉన్నాయి. నారాయణప్ప నేల మీద చతికిలబడి, పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. ఎండ అంతగా లేదు.

"అయితే డిస్కులే వంకర," అన్నాడు సిద్ధార్థ.

"వంకరైతే ముల్లు చెప్పుండేది సార్. ఇటు రండి. ఈ మచ్చ చూడండి."

ముందరి డిస్కు మీద వెండి రంగు మెరుపు మధ్య ఒకచోట నల్లటి మచ్చ ఉంది. జయశీల విప్పిన ప్యాడును దాని మీద పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది. రెండో వైపు డిస్కు మీదా అదే మచ్చ, అదే కొలత.

"ప్యాడు పొర ఇక్కడ ఒక్కచోటే అంటుకోని గట్టిపడింది. చక్రం తిరిగినప్పుడల్లా ఈ మచ్చ వచ్చి ప్యాడుకి తగలతాది. ఒణుకు దీనిది. బాగా కాగిన బ్రేకు తొక్కి పట్టుకోని యాడన్నా నిలబడినారా సార్?"

"లేదు మేడం. మీరు చెప్పినట్టే చేసినా. పలమనేరు దాటినాక పదిసార్లు, లెక్కబెట్టి."

అప్పుడే అతని అవ్వ మునెమ్మ మజ్జిగ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. "గంగమ్మ కాడ ఆపితివి కదరా," అంది.

"అది వేరే అవ్వా."

"వేరేం ఉండాది? నేనూ బండ్లోనే ఉంటి కదా. పుంగనూరులో మా చెల్లెలింట్లో ఉన్నింటే, ఎక్కించుకోని వచ్చినాడమ్మా. పడుకోని పోతాండామో కూసోని పోతాండామో తెలీదు ఆ సీట్లో. పోతాడు, తొక్కుతాడు, పోతాడు, తొక్కుతాడు. నా పేగులు నోట్లోకొచ్చినాయి. అడివి దాటినాక గంగమ్మ గుడి కనపడింది. కొత్త బ్రేకులు కదా, టెంకాయ కొట్టందే ఎట్ల పోయేది? ఆపమంటి."

"గుడి ముందర రోడ్డు ఏటవాలు కదా తల్లీ," అన్నాడు నారాయణప్ప నెమ్మదిగా.

"అవును. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాక బండి ముందుకే పోవాల, ఎనక్కి జారకూడదు. 'గట్టిగా తొక్కి పట్టుకోరా, ఇంజను ఆపొద్దు' అంటి. పూజారి కర్పూరం ఎలిగించి, హారతిచ్చి, బొట్టు పెట్టేదాకా పాపం బిడ్డ కాలు ఎత్తలే."

మునెమ్మ ఒక్కొక్కరి మొహమే చూసింది. డిస్కు మీది మచ్చను చూసింది.

"నా వల్లనా?"

సిద్ధార్థ ఏదో అనబోయాడు. అతనికంటే ముందు నారాయణప్ప లేచి, పళ్ళెం ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"మీ వల్ల కాదు తల్లీ. కొత్త బ్రేకేసినాక గంగమ్మకి మొక్కకుండా ఏ బండి పోయింది గనక? లారీలోళ్ళకి నేను చెప్తా, గుడి కాడ చక్రానికి రాయి పెట్టి కాలెత్తండిరా అని. ముప్పై ఏండ్లుగా చెప్తాండా. ఈ నాయనకి చెప్పలే. సోకు కారు కదా, ఈళ్ళు యాడ ఆపుతార్లే అనుకున్నా. అది నాది."

"నేను సిగ్నలు గురించే చెప్పినా," అంది జయశీల. "మా వాళ్ళు కొత్త బండికి ఇంటి ముందరే ఇంజను ఆపేసి ప్రార్థన చేస్తారు. గుడి సంగతి నాకు తట్టనే లేదు."

సిద్ధార్థ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సోమవారం నుంచి ఎవరిదో ఒకరి తప్పు కావాలని తిరిగినవాడికి ఇప్పుడు ముగ్గురు మనుషులు తప్పును తమ వైపుకు లాక్కుంటుంటే ఏం చేయాలో తోచలేదు. చివరకు, "తొక్కింది నా కాలు కదవ్వా," అని ఫోను తీసి పక్కకు పోయాడు.

"నాయనా, నారాయణప్ప పని బాగుండాది. లేదు, నేనే... ఇంటికొచ్చినాక చెప్తా. రేపట్నుంచి లారీలు ఆయన కాడికే పంపియ్యి."

జయశీల కూడా తిమ్మప్పకు ఫోను చేసింది. "సార్, ఫిట్టింగు సరిగ్గానే ఉండాది. నేను చూడకుండా చెప్పినా. ఆ రోజు అంగట్లో ఉన్నోళ్ళకి కూడా నేనే చెప్తా."

"నాకు చెప్పి ఏం లాభం?" అన్నాడు తిమ్మప్ప. "ఆయనకియ్యి ఫోను."

నారాయణప్ప ఫోనును చెవికి కొంచెం దూరంగా పట్టుకుని విన్నాడు. "ఊఁ... ఊఁ... ఉండనీలే తిమ్మప్పా, పెద్ద మాటలు యాల... అవునూ, లైనింగులు ఆరు సెట్లు రేపటి బస్సుకేయి."

తర్వాత ఇద్దరూ కూర్చుని గరుకు కాగితంతో మచ్చలు రుద్దారు. నారాయణప్ప గుండ్రంగా కాకుండా అడ్డంగా, మళ్ళీ ఐమూలగా రుద్దమన్నాడు. జయశీల అలాగే రుద్దింది. ప్యాడ్ల మొహాలు కూడా తేలిగ్గా గీకి బిగించారు. మునెమ్మ మజ్జిగ రెండోసారి తెచ్చింది. ఈసారి అందులో అల్లం దంచి వేసింది.

వి.కోట రోడ్డు మీదికి సిద్ధార్థ పక్కన నారాయణప్ప కూర్చుని పోయాడు. జయశీలా మునెమ్మా గేటు దగ్గర నిలబడ్డారు. ముప్పావు గంటకు కారు నిదానంగా తిరిగి వచ్చింది. సిద్ధార్థ దిగుతూనే, "ఒణుకు లేదు మేడం. కొంచెం కూడా లేదు," అన్నాడు. నారాయణప్ప దిగడానికి మాత్రం ఇద్దరు చెయ్యి పట్టాల్సి వచ్చింది.

"ఏం కారప్పా ఇది! రోడ్డు మీద బీడీ ముక్క ఉన్నా నడుముకి తెలస్తాది," అన్నాడు. మునెమ్మ పగలబడి నవ్వింది. "నేను అదే చెప్తే ఈడు నమ్మలేదు చూడు!"

తిరుగు బస్సు వి.కోట దాటింది. ఒళ్ళో గేజి పెట్టె పెట్టుకుని జయశీల కిటికీలోంచి చూస్తోంది. అడవి మొదలైనాక నారాయణప్ప గొంతు సవరించుకున్నాడు.

"నిన్న మా కోడలు మునీశ్వరి చేతికి షెడ్డు తాళం ఇచ్చేసినా అమ్మణ్ణీ. ఎవురికన్నా బాడుగకియ్యి, నేనింక పోను అని. పొద్దున ఊరికే రివిట్లు ఏరిపెట్టి వద్దామని అడిగి తీసుకోనొచ్చినా. అప్పుడు నువ్వొచ్చినావు. నువ్వు రాకపోయుంటే, నా కండ్లు పోయినాయనుకొనే చచ్చిపోయుండేవాణ్ణి. మేలు చేసినావు."

"అట్ల అనొద్దు తాతా. చేసిందంతా నేనే కదా."

"చేసింది నువ్వే. వచ్చింది కూడా నువ్వే కదా? మా మేస్త్రీ ఒకాయన నామీద ఇట్లనే ఒక మాటేసినాడు, నాకు నీ వయసప్పుడు. నలభై ఏండ్లాయ. ఆయన ఇంకా రాలే."

జయశీల ఎదురు సీటు కమ్మీని పట్టుకున్న తన చేతుల వైపు చూసుకుంది. గోళ్ళలో ఇనప పొడి నల్లగా పేరుకుని ఉంది. తుడుచుకోబుద్ధి కాలేదు.

పుంగనూరు బస్టాండులో నారాయణప్ప దిగాడు. బస్సు మదనపల్లెకు పోవాలి. కండక్టరు విజిల్ వేశాక ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"తాతా! ఆదివారం చర్చి అయినాక వస్తా. లారీ లైనింగు ఎట్ల చేస్తారో చూడాల. చూపిస్తారా?"

అప్పటికే నాలుగడుగులు వేసిన ఆయన వెనక్కి తిరిగాడు. కదులుతున్న బస్సు పక్కన కొంచెం దూరం నడిచాడు.

"రా! పాత బట్టలేసుకోని రా. ఆ గ్రీజు అంటితే ఇంక పోదు."